ఏ బంధుత్వమూ లేదని కాగితం

సనోబర్‌ని రావద్దన్న దేశం పేరు నేను చెప్పను. వాళ్ళింట్లో ఇప్పుడు ఆ పేరు ఎవరి నోటా రాదు. పొరపాటున వస్తే అందరూ తలలు వంచుకుని టీ గిన్నెల్లోకి చూస్తారు. వాళ్ళు దాచుకున్న పేరుని నేను వీధిలో పెట్టడం మర్యాద కాదు.

చదువుకి వీసా ఇవ్వలేమన్న ఉత్తరం ఆగస్టు మొదటి గురువారం వాళ్ళ ఊరు చుస్త్ పోస్టాఫీసుకి వచ్చింది. సనోబర్ తనే వెళ్ళి తెచ్చుకుంది, అక్కడ మెట్ల మీదే చదువుకుంది. అచ్చువేసిన కారణాలు వరసగా ఏడో ఎనిమిదో ఉన్నాయి. డబ్బు చాలదన్న గడి ఖాళీ. చదువు మీద నమ్మకం కుదరలేదన్న గడి కూడా ఖాళీయే. ఒక్కదాని పక్కన మాత్రం టిక్కు పడింది: కుటుంబం గురించి తప్పుడు వివరాలు ఇచ్చారు.

డబ్బు చాలదని టిక్కు పెట్టి ఉంటే ఆ పిల్ల అంత కుంగిపోయేది కాదు. లేమి అందరికీ ఉన్నదే. ఇది అలా కాదు, నువ్వు అబద్ధాలకోరువి అని మొహం మీద అనడం. అదీ ఎవరి కూతుర్ని? కత్తులు చేసే మేస్త్రీ హోషిమ్ ఉస్తా కూతుర్ని. చుస్త్ బజారులో ఆయన చేసిన కత్తి మీద ఆయన గుర్తు కనిపిస్తే కొనేవాడు పదును కూడా చూడడు. కత్తి ఎలాంటిదో మాటా అలాంటిదేనని ఊరి నమ్మకం.

పైగా ఆ పెద్దమనిషి ఒక తొందరపాటు పని చేసి కూర్చున్నాడు. యూనివర్సిటీ నుంచి సీటు ఇచ్చినట్టు కాగితం రాగానే వీధి వీధంతటినీ పిలిచి అక్కడి ఆనవాయితీ ప్రకారం తెల్లవారుజామున పులావ్ పెట్టేశాడు. వీసా అనేది ఇంకోటి ఉందని ఆయనకి తెలియక కాదు, కూతురి మీద అంత ధీమా. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత ఆ ఊళ్ళో లేదు కాబోలు. పులావ్ తిన్నవాళ్ళందరూ ఇప్పుడు సనోబర్ కనిపిస్తే పలకరిస్తున్నారు. రొట్టెల భట్టీ దగ్గర కూర్చునే ముసలమ్మయితే, "ఏమే, ఇంకా ఇక్కడే ఉన్నావు, నీ విమానానికి గాని పంక్చరైందా?" అని పదిమందిలో అడిగేసింది. అందరూ నవ్వారు. సనోబర్ కూడా నవ్వి, తీసుకోవాల్సిన రొట్టెలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేసింది.

ఇంతకీ ఆ పిల్ల అబద్ధం చెప్పిందా అంటే, చెప్పలేదు. అదే అసలు తమాషా.

పక్కింటి ఇనోయత్ ఖోలాకి, అంటే ఇనోయత్ పిన్నికి, ఇల్హోమ్ అని ఒక కొడుకు. అతను ఆ దేశంలోనే నాలుగేళ్ళుగా పని చేస్తున్నాడు. సనోబర్ పుట్టినప్పుడు తల్లి మస్తూరాకి జ్వరం పట్టుకుని నలభై రోజులు ఒళ్ళు తెలియలేదు, పాలు పడలేదు. అదే వారంలో ఇనోయత్‌కి ఆడపిల్ల పుట్టి నాలుగోనాడు పోయింది. మంత్రసాని సనోబర్‌ని గుడ్డలో చుట్టి తెచ్చి, ఏడుస్తున్న ఆ తల్లి ఒళ్ళో పెట్టింది. సనోబర్ ఆవిడ పాలు ఏడాదిన్నర తాగింది. ఒక రొమ్ము పాలు తాగినవాళ్ళు తోబుట్టువులని అక్కడ మతమూ చెబుతుంది, మనుషులూ నమ్ముతారు. వాళ్ళ మధ్య పెళ్ళి మాట కూడా నిషిద్ధం. సనోబర్‌కి పదిహేనేళ్ళప్పుడు ఎవరో బంధువు వేళాకోళానికి ఇల్హోమ్‌తో ముడిపెడితే, ఇనోయత్ ఖోలా చేతిలో ఉన్న పింగాణీ గిన్నె నేలకేసి కొట్టి, "అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేమిట్రా, నీ నోట్లో మన్నుపడ!" అని అతన్ని గుమ్మం దాకా తరిమింది.

వీసా ఫారంలో అన్నదమ్ములు అన్నచోట సనోబర్ లేరు అని రాసింది. ఆ దేశంలో బంధువులు అన్నచోటా లేరు అనే రాసింది. కాగితాల లెక్కలో అది నిజం, తల్లిదండ్రులకి ఆమె ఒక్కతే. తీరా ఇంటర్వ్యూలో అద్దం వెనక కూర్చున్న మనిషి, దిగగానే ఎవరు కలుస్తారు అని అడిగాడు. "మా అన్నయ్య" అంది. "సొంత అన్నయ్యేనా?" అని అడిగాడు. చుస్త్‌లో పాలన్నయ్యని పట్టుకుని సొంతం కాదు అంటే ఆ పాలిచ్చిన తల్లిని తిట్టినట్టే. సనోబర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సొంతమేనండీ" అంది, కాస్త గర్వంగా కూడా అంది. ఆ మనిషి ఫారం కేసి ఒకసారి, ఆమె కేసి ఒకసారి చూసి ఏదో రాసుకున్నాడు. అంతే.

అబద్ధం ఆడని రోజున అబద్ధాలకోరు అనిపించుకుంది. అనిపించుకున్నాక మాత్రం నిజంగానే ఆడడం మొదలుపెట్టింది. ఉత్తరాన్ని పరుపుల దొంతరలో అడుగు పరుపు కింద దాచింది. అమ్మ అడిగితే ఇంకా చూస్తున్నారట అంది. తొమ్మిదో రోజున తండ్రి కొలిమి దగ్గర్నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ, "నా దగ్గర దాస్తున్నావా తల్లీ?" అని మెల్లగా అడిగితే, "ఏదో కాగితం తక్కువైందట నాన్నా, మళ్ళీ పెట్టుకోమన్నారు" అంది. తప్పుడు వివరాలు అన్న మాట ఆయన ముందు పలకడం కన్నా చావడం మేలనిపించింది. "ఓస్, కాగితమేగా" అన్నాడు హోషిమ్ ఉస్తా. ఆ "ఓస్" విన్నాక సనోబర్‌కి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

మర్నాడు ఇంగ్లీషు నేర్పిన నసీబా టీచరు దగ్గరికి వెళ్ళింది. టీచరు పిల్లల్ని విదేశాలకి పంపి పంపి రాటుదేలిన మనిషి, ఓదార్పులు ఆమెకి చేతకావు. ఉత్తరం చదివి, కళ్ళజోడు పైకి తోసుకుని అడిగింది.

"ఎన్ని రోజులైందే ఇది వచ్చి?"

"పది."

"పది రోజులూ పరుపుల కింద పెట్టుకుని పొదిగావా? పిల్లలేమైనా అయ్యాయా?"

సనోబర్ ఏడ్చింది. టీచరు ఏడవనిచ్చి, టీ పోసి ఇచ్చింది.

"సరే, విను. వీసా రాలేదంటే నీ పని అయిపోయిందని కాదు. ముందు యూనివర్సిటీకి రాయి, ఇలా అయిందని దాచకుండా రాయి. సీటు జనవరి దాకా ఆపమంటే ఆపుతారు, చాలామందికి ఆపారు. ఈ నిర్ణయం మీద అప్పీలు చేసుకోవచ్చు గాని, అది తేలేసరికి నీకు పెళ్ళయి పిల్లలు పుడతారు. దానికన్నా కొత్తగా మళ్ళీ పెట్టుకోవడమే నయం. అయితే పాత కాగితాలే పంపావో, పాత జవాబే వస్తుంది. వాళ్ళు దేన్ని తప్పు అన్నారో దానికి జవాబు చెప్పే కాగితం కొత్తది ఒకటి ఉండాలి."

"అంటే మా అన్నయ్య, ఇల్హోమ్ అకా సంగతి."

"ఆ సంగతే. దానికి రెండు దారులున్నాయి. ఉన్నదున్నట్టు రాయొచ్చు. ఈవిడ నాకు పాలిచ్చింది, మాలో ఇది బంధుత్వమే, ఫారంలో ఆ గడి లేదు గనక రాయలేదు, నోటితో అడిగితే నిజం చెప్పాను అని. ఒక పేజీ అవుతుంది, నేను దిద్దిపెడతాను. లేదూ, ఆ అబ్బాయికీ నీకూ ఏ బంధుత్వమూ లేదని వాళ్ళమ్మ చేత రాయించి మహల్లా ఆఫీసులో, అదే మన పేట ఆఫీసులో, స్టాంపు వేయించుకో. అది నాలుగు లైన్లు. ఆఫీసుల వాళ్ళకి నాలుగు లైన్లే ఇష్టం."

"రెండోదే చేస్తాను" అంది సనోబర్ వెంటనే.

టీచరు ఆమె మొహంలోకి చూసింది. "మొదటిది కూడా నడుస్తుందే. నా దగ్గర చదివినవాళ్ళలో ఇంతకన్నా చిక్కు కథలు రాసి వెళ్ళినవాళ్ళున్నారు. రెండోదయితే ఆవిడకి చెప్పాలి. చెప్పగలవా?"

"చెబుతాను టీచర్."

ఎందుకు రెండోదే అంది? నిజం చెప్పాలంటే సిగ్గుచేత. అద్దం వెనక మనిషికి తన తల్లికి పాలు పడలేదని, తను పొరుగావిడ రొమ్ము తాగిందని రాయాలి. వాడు ఆ కాగితం పక్కవాడికి చూపిస్తాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. ఒకసారి అబద్ధాలకోరు అన్నవాళ్ళు దీన్ని ఇంకో కట్టుకథ అనరని ఏమిటి? ఇలా అనుకుని, తనకి అన్నం కన్నా ముందు దొరికిన దాన్ని చెప్పుకోవడానికి ఆ పిల్ల సిగ్గుపడింది. దానికి పడాల్సిన సిగ్గు తర్వాత పడింది లెండి.

నాలుగు లైన్లూ టీచరే టైపు చేసి ఇచ్చింది. సనోబర్ ఆ కాగితాన్ని మడతపడకుండా పుస్తకంలో పెట్టుకుని ఇనోయత్ ఖోలా ఇంటికి వెళ్ళింది. ఖోలా ద్రాక్షపందిరి కింద చెక్క మంచె మీద కూర్చుని టోపీ కుడుతోంది. నల్లగుడ్డ మీద తెల్లదారంతో మిరపకాయలు కుట్టే ఆ టోపీలకే ఆ ఊరికి పేరు. నలభై ఏళ్ళుగా అదే పని చేసి ఆవిడ కళ్ళు దగ్గరివి తప్ప చూడవు, అచ్చు అక్షరాలైతే బొత్తిగా ఆనవు.

"రా రా, నా తల్లి వచ్చింది! ఎన్నాళ్ళైందే మొహం చూపించి? చిక్కిపోయావేమిటి, మీ అమ్మ తిండి పెట్టడం మానేసిందా? కూర్చో. పీచ్ పళ్ళు కడిగాను, తిను."

సనోబర్ పండు చేతిలో పట్టుకుని కూర్చుంది. చెబుదామనే వచ్చింది. దారిలో మాటలు కూడా కూర్చుకుంది: ఖోలా, ఇది ఉత్తినే కాగితం కోసం, మన మధ్య ఏమీ మారదు. నోరు తెరిచేసరికి వేరే మాటలు వచ్చాయి.

"ఖోలా, మళ్ళీ వీసాకి పెట్టుకుంటున్నాను. మీరొక సంతకం పెట్టాలి. ఇల్హోమ్ అకా గురించి... చిన్న కాగితం."

"వాడక్కడ ఉన్నాడని రాశారా? మంచిపని చేశారు. అన్న ఉన్నాడంటే వాళ్ళకీ ధైర్యమే, ఆడపిల్ల ఒంటరిగా దిగడం లేదని." ఆవిడ సూది గుడ్డకి గుచ్చి లేచింది. "పెన్ను ఉందా? ఆగాగు, ఉత్త సంతకం ఏం పనికొస్తుంది? మహల్లాలో కొమిల్‌జోన్ స్టాంపు లేనిదే ఈ ఊళ్ళో పిల్లి కూడా పాలు తాగదు. పద, ఇప్పుడే వెళ్ళొద్దాం."

"మీకెందుకు ఖోలా శ్రమ, సంతకం పెట్టివ్వండి, నేను తీసుకెళతాను."

"శ్రమేమిటే! నీ పనికి నేను నడవకపోతే ఎవరు నడుస్తారు?"

మంచి రుమాలు తీసి తలకి కట్టుకుంది. పండగకి కట్టుకునేది.

మహల్లా ఆఫీసు అక్కడికి పది నిమిషాల నడక. సనోబర్‌కి ఆ పది నిమిషాల్లో చెప్పడానికి ఎన్ని అవకాశాలు రావాలో అన్నీ వచ్చాయి. మల్బరీ చెట్ల కింద నీడలో ఖోలా ఆయాసం తీర్చుకోడానికి ఆగింది, అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. ఎదురొచ్చిన వాళ్ళందరికీ ఖోలా తనంతట తనే చెప్పుకుంటూ వచ్చింది. "మా అమ్మాయి పని మీద వెళుతున్నాం. విదేశం వాళ్ళకి నా సంతకం కావాలట, చూశారా! చదువురాని మొద్దునని మా ఆయన అనేవాడు, ఇప్పుడుంటే వినేవాడు." రొట్టెల ముసలమ్మ "ఇక పంక్చరు అతికినట్టేనా?" అంటే, "నా కూతురి జోలికి వచ్చావంటే నీ భట్టీలో నీళ్ళు పోస్తాను" అని నవ్వుతూనే బెదిరించింది.

సనోబర్ పక్కన నడుస్తోంది. చెవులు మండిపోతున్నాయి.

"అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక ఊళ్ళో ఉంటే" అంది ఖోలా, "నాకు బెంగ సగం తగ్గుతుందే. వాడు వేళకి తినడు. నువ్వు తిట్టి తినిపించాలి మరి."

"అలాగే ఖోలా" అంది సనోబర్.

మహల్లా పెద్ద కొమిల్‌జోన్ ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఏ కాగితం చదివినా ఆఖరి బెంచీ దాకా వినిపించేలా చదువుతాడు. గదిలో ఫ్యాను కింద ముగ్గురు ఆడవాళ్ళు ఏవో అర్జీలు పట్టుకుని కూర్చున్నారు, ముగ్గురూ ఆ వీధివాళ్ళే, ముగ్గురూ పులావ్ తిన్నవాళ్ళే.

సనోబర్ కాగితాన్ని బల్ల మీద పెట్టి, వంగి మెల్లగా అంది. "చదవక్కర్లేదు అకా, స్టాంపు వేస్తే చాలు."

"చదవకుండా స్టాంపు వేస్తే ఆ స్టాంపుతో పాటు నన్నూ లోపల వేస్తారు. రాయించినవాళ్ళకి చదివి వినిపించి అప్పుడే సంతకం పెట్టించాలి, అది పద్ధతి." గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "నేను, ఇనోయత్, ఫలానా వీధి, ఫలానా ఇల్లు, ఇందుమూలంగా తెలియజేయునది. పొరుగింటి హోషిమ్ కుమార్తె సనోబర్‌కు, నాకు గాని, నా కుమారుడు ఇల్హోమ్‌కు గాని..."

అక్కడ ఆగాడు. మిగతాది కళ్ళతో చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి సనోబర్ కేసి చూశాడు.

"ఆగావేం?" అంది ఖోలా. "చదువు, నాయనా. నాకు అచ్చు ఆనదు."

"...ఏ విధమైన బంధుత్వమూ లేదు" అని చదివాడు కొమిల్‌జోన్. ఈసారి గొంతు ముందు బెంచీకి కూడా వినిపించనంత చిన్నగా వచ్చింది. వినిపించాల్సిన వాళ్ళకి వినిపించింది. ఫ్యాను కింద ఆడవాళ్ళు విసురుకోవడం మానేశారు.

"ఇదేమిటమ్మాయ్" అన్నాడాయన, "ఈవిడ పాలు తాగి పెరిగిందానివి కదా నువ్వు. ఊరందరికీ తెలుసు. నేను దీనికి స్టాంపు వేస్తే రేపు నేను పోతే మొయ్యడానికి కూడా ఎవరూ..." అని మధ్యలోనే మింగేశాడు, ఖోలా మొహం చూసి.

ఖోలా రుమాలు అంచు ఒకసారి సర్దుకుంది. సనోబర్‌కి నేల విచ్చుకుని మింగేస్తే బాగుండుననిపించింది. సీతమ్మవారికి విచ్చుకున్న నేల అబద్ధాలకోరులకి విచ్చుకోదు.

"కాగితం లెక్కలో రాయాలట ఖోలా" అంది ఎలాగో. "ఒట్టి కాగితమే. నేను చెబుదామనే..."

"ఇది లేకపోతే చదువు పోతుందా?" అని అడిగింది ఇనోయత్.

ఇంకో దారి ఉంది. ఒక పేజీ. దిద్దిపెడతానని టీచరు చెప్పిన పేజీ. సనోబర్‌కి అది నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఈ కాగితం ఎందుకు తెచ్చావని అడుగుతారు, ఆ ముగ్గురి ముందూ దానికి జవాబు చెప్పాలి.

"పోతుంది" అంది.

ఇనోయత్ పెన్ను అందుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో కొమిల్‌జోన్‌ని చూపించమంది. ఆయన వేలు పెట్టి చూపించాడు. ఆవిడ బల్ల మీదకి బాగా వంగి, టోపీ మీద కుట్టు వేసినంత శ్రద్ధగా, ఒక్కో అక్షరమే పెట్టింది. "రాసింది నిజమే" అంది పైకి లేస్తూ. "నాకేమీ కాదు. స్టాంపు వేసి ఇవ్వు నాయనా, పిల్లకి ఆలస్యమవుతుంది." ఆయన సిరాలో అద్ది వేశాడు. ఆ చప్పుడు గదంతా వినిపించింది.

సనోబర్ కాగితం తీసుకుంది. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఆ దేశం అడిగిన జవాబే, నాలుగు లైన్లలో, స్టాంపుతో సహా. దాన్ని పుస్తకంలో పెట్టుకోవడానికి కూడా చేతులు రాలేదు. పరుగులాంటి నడకతో బయటికి వచ్చి, మెట్ల దగ్గర ఖోలాకి అడ్డంగా నిలబడింది. ఏడుస్తోంది. లోపలి ఆడవాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారని తెలుసు. చూడనీ అనుకుంది.

"తప్పయిపోయింది ఖోలా. చెప్పడానికి మొహం చెల్లలేదు. నన్ను తిట్టండి. కొట్టండి. ఏదో ఒకటి అనండి."

ఇనోయత్ ఆమె కన్నీళ్ళు తుడవడానికి చెయ్యి ఎత్తింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు, దానంతటదే లేచింది. సగం దాకా లేచిన చేతిని మళ్ళీ దించుకుని, రుమాలు కొంగులో దాచుకుంది. ఆవిడ గొంతులో కోపం లేదు. బజారులో ఎవరో కొత్తమనిషి దారి అడిగితే చెప్పే మర్యాద ఉంది.

"అయ్యో, మిమ్మల్ని తిట్టడానికి నేను మీకేమవుతానండీ?" అని, సనోబర్ వెళ్ళడానికి దారి వదిలి పక్కకి నిలబడింది.